ఫాల్స్ సీలింగ్ పైన చీకటి దారి

రాత్రి పదకొండున్నర దాటాక హోటల్ వంటగదిలో అసలు కడుగుడు మొదలవుతుంది. బిర్యానీ హండీలు తోమి బోర్లిస్తారు. పొయ్యిల చుట్టూ సబ్బునీళ్లు పోసి రుద్దుతారు. పైనున్న స్టీలు హుడ్‌ను మెరిసేదాకా తుడుస్తారు. దాని ఫిల్టర్లు ఊడదీసి వేడినీళ్లలో నానబెడతారు. పట్టింపున్న హోటళ్లలో ఇదంతా రోజూ జరిగే పనే. కానీ ఫిల్టర్ తీసిన ఖాళీలోంచి తల పైకెత్తి టార్చి వేసి చూస్తే కథ మారిపోతుంది. రేకు డక్టు గోడలకు కింద తేనెరంగులో, ఇంకాస్త పైన తారులా నల్లగా, జిగురు పొర. అది ఎంత మందాన ఉందో, ఎందాకా పోయిందో చాలా వంటగదుల్లో ఎవరినడిగినా చెప్పలేరు.

తాలింపు చిటపటలాడినప్పుడు లేచేది పొగ ఒక్కటే కాదు. కంటికి ఆనని నూనె తుంపరలు, ఆవిరైన నూనె కూడా దాంతో కలిసి లేస్తాయి. హుడ్‌లో ఏటవాలుగా పెట్టే బాఫిల్ ఫిల్టర్లు ఆ గాలిని మలుపులు తిప్పుతాయి. బరువైన తుంపరలు గాలితో పాటు తిరగలేక రేకుకు కొట్టుకుని, కిందికి జారి తొట్టిలో పడతాయి. సన్నవి మాత్రం దాటిపోతాయి. ఆవిరైతే ఏ ఫిల్టర్‌కూ చిక్కదు. పైకి పోతున్నకొద్దీ చల్లబడి, చలికాలం పొద్దున సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టు, డక్టు గోడకు పట్టుకుంటుంది. మలుపుల దగ్గర, అడ్డంగా సాగే చోట, చివర ఫ్యాన్ రెక్కల మీద ఎక్కువగా పేరుకుంటుంది.

దీన్ని ఉత్త మురికి అనుకోవడమే పొరపాటు. అది ఇంధనం. వంటనూనె దాదాపు 370 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నిప్పు తగలకపోయినా, తనంతట తానే అంటుకుంటుంది. కడాయిలోంచి ఒక మంట ఎగసి ఫిల్టర్ దాటి లోపలి పొరను తాకితే చాలు, పైనున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొలిమి తిత్తిలా గాలి అందిస్తూ దాన్ని లాక్కుపోతుంది. అలాంటి మంటలో డక్టు లోపలి వేడి 1000 డిగ్రీలు దాటగలదు. బయటికి మంట కనిపించకపోయినా రేకు ఎర్రగా కాగి పక్కనున్న ప్లైవుడ్‌నూ కరెంటు వైర్లనూ అంటిస్తుంది. అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ హోటల్ వంటగదుల కోసం రాసిన 96వ నంబరు ప్రమాణం, ఈ డక్టుకూ మండే వస్తువులకూ మధ్య మామూలుగా 18 అంగుళాల ఎడం ఉండాలంటుంది. కీళ్లన్నీ జిడ్డు కారకుండా వెల్డింగ్ చేయాలంటుంది. ఇళ్లను రెస్టారెంట్లుగా మార్చిన మన నగరాల వీధుల్లో, పై అంతస్తుల కిటికీలను రాసుకుంటూ పోయే రేకు గొట్టాలను చూసినప్పుడు ఆ 18 అంగుళాలు గుర్తుకు రావాలి.

మరి ఎప్పుడు చూడాలి? ఆ ప్రమాణం క్యాలెండర్‌ను వంటను బట్టి నిర్ణయించింది. కట్టెలు, బొగ్గులతో వండే చోట నెలకోసారి తనిఖీ. రోజంతా పొయ్యి ఆరని హోటళ్లలో, పెద్ద మంట మీద వోక్ తిప్పే వంటగదుల్లో మూడు నెలలకోసారి. మధ్యరకం వాటికి ఆరు నెలలు. ఏడాదిలో కొన్నాళ్లే పొయ్యి వెలిగే చోట ఏడాదికోసారి. బొగ్గుల తందూరు, కట్టెల మీద దమ్ చేసే బిర్యానీ ఈ లెక్కన మొదటి వరసలోకే వస్తాయి. ఎందుకంటే అక్కడ జిడ్డుకు మసి తోడవుతుంది, గొట్టంలోకి నిప్పురవ్వలూ ఎగురుతాయి. ఫంక్షన్ హాలు వంటశాల పరిస్థితి ఇంకో రకం. ముహూర్తాలు లేని నెలల్లో చల్లారి ఉంటుంది, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రింబగళ్లు మండుతుంది. అలాంటి చోట సీజన్ మొదలవకముందే ఒకసారి లోపల చూసుకోవాలి.

చూడటమంటే కంటితో అంచనా వేయడం కాదు, కొలవడం. పళ్లున్న చిన్న గేజీని జిడ్డు మీద గీసి, ఏ పన్ను దాకా అంటిందో చూసి మందం చెబుతారు. అమెరికన్ పద్ధతిలో డక్టులో 2 మిల్లీమీటర్ల మందం చేరితే వెంటనే శుభ్రం చేయించాలి. బ్రిటన్‌లో వాడే టీఆర్19 మార్గదర్శకం ఇంకా కఠినం. మొత్తం వ్యవస్థలో సగటున 200 మైక్రాన్లు, అంటే మామూలు కాగితాలు రెండు ఒకదానిపై ఒకటి పెట్టినంత మందం దాటకూడదంటుంది. రెండు దేశాల మధ్య పది రెట్ల తేడా ఉన్నా, ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఒకటుంది: గేజీ లోపలికి పోవాలంటే ముందు డక్టుకు తలుపుండాలి.

అసలు చిక్కు ఈ తలుపు దగ్గరే. మనిషి లోపలికి దిగలేని అడ్డపు డక్టుకు ప్రతి 12 అడుగులకూ, దిశ మారిన ప్రతిచోటా తెరిచి మూసుకునే మూత ఉండాలి. డక్టు బిగించేవాళ్లకు ఇది అదనపు పని, కట్టించేవాళ్లకు అదనపు ఖర్చు. ఇంటీరియర్ డిజైనర్‌కు ఫాల్స్ సీలింగ్‌లో పడే మచ్చ. అందుకని మూత లేకుండానే పని ముగుస్తుంది. రెండేళ్ల తర్వాత శుభ్రం చేసేవాళ్లు వచ్చినప్పుడు చేయి అందినంత మేర, అంటే హుడ్ వైపు కొన్ని అడుగులు, మిద్దె మీద ఫ్యాన్ వైపు కొన్ని అడుగులు గోకి వెళ్లిపోతారు. నడిమి భాగం కట్టిన రోజు నుంచీ ఎవరి కంటా పడదు. కొత్తగా హోటల్ పెట్టేవాళ్లు కాంట్రాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఫ్యాన్ ఎన్ని హెచ్‌పీ అన్నది కాదు, మూతలు ఎక్కడెక్కడ పెడుతున్నావన్నది.

ఇక ఆ పని చేసే మనుషులు. రాత్రి వంట ముగిశాక, పొద్దున టిఫిన్లు మొదలయ్యేలోపు వీళ్లు పని పూర్తి చేయాలి. గ్యాస్ కట్టేసి, పొయ్యిలను పాలిథిన్‌తో కప్పి, హుడ్ చుట్టూ అదే పాలిథిన్‌ను గరాటులా కట్టి మురికినీళ్లు డ్రమ్ములోకి పోయేలా చూస్తారు. మందపాటి పొరను ముందు గోకుతారు. తర్వాత క్షారం కలిసిన రసాయనం చల్లి కాసేపు నాననిచ్చి, వేడినీళ్లను ప్రెషర్‌తో కొడతారు. ఆ రసాయనం చర్మం మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. పెద్ద డక్టులో మనిషే దూరాల్సి వస్తే గాలి ఆడదు, నిలబడటానికి జిడ్డు ఆధారం కాదు. కింద తెలియక ఎవరైనా ఫ్యాన్ స్విచ్ వేస్తే ప్రాణమే పోతుంది. అందుకే మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, ఆ తాళంచెవి లోపలికి దిగేవాడి జేబులోనే ఉండాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, మాస్కు, బయట కాపలాకు ఒక మనిషి లేకుండా ఈ పని చేయించడం నేరంతో సమానం. తక్కువ కొటేషన్‌కు మురిసిపోయే యజమాని, తగ్గిన ఆ డబ్బు వీటిలో దేన్లోంచి తగ్గిందో అడగాలి.

ఏసీ డక్టుల సంగతి వేరు. అక్కడ జిడ్డు లేదు, దుమ్ము ఉంటుంది. భయమేమో దుమ్ము కంటే ఎక్కువగా ఉంటుంది, దాని మీద వ్యాపారం ఇంకా ఎక్కువగా నడుస్తుంది. ఆఫీసులో గాలి వచ్చే డిఫ్యూజర్ చుట్టూ సీలింగ్ మీద నల్లని చారలు కనబడితే, డక్టులోంచి మసి ఊడిపడుతోందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా జరిగేది వేరు. వేగంగా వచ్చే చల్లగాలి గదిలోని గాలిని తనతో లాక్కుంటుంది. ఆ గాలిలోని దుమ్మే సీలింగ్‌కు అంటుకుంటుంది. అంటే మురికి చాలావరకు గదిలోది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇళ్ల యజమానులకు ఇచ్చిన సలహా ఈ భయం విషయంలో నిక్కచ్చిగా ఉంది. డక్టులు శుభ్రం చేస్తే రోగాలు రాకుండా ఆగుతాయని ఇంతవరకూ రుజువు కాలేదంది. ఏటా మొక్కుబడిగా చేయించక్కర్లేదనీ, అవసరాన్ని బట్టి చేయించాలనీ చెప్పింది. లోపల కంటికి కనిపించేంత బూజు పెరిగినా, ఎలుకలో పురుగులో చేరినా, దుమ్ము గడ్డకట్టి దారి మూసుకుపోయి గదుల్లోకి రాలుతున్నా అప్పుడు కడిగించాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ సలహా అక్కరకొస్తుంది. ఊరించే ధరకు ఇంటి డక్టులన్నీ గంటలో కడిగేస్తామనేవాళ్లు అక్కడ తరచూ తగులుతుంటారు. తీరా వచ్చాక బూజుందని బెదిరించి బిల్లు పెంచడం వాళ్ల పాత ఎత్తుగడ. బూజో కాదో కంటితో తేల్చలేని చోట ల్యాబ్ పరీక్షే చెప్పాలి.

నిజంగా అవసరమైనప్పుడు ఆ పని గంటలో అయ్యేది కాదు. వ్యవస్థ మొత్తాన్ని ఒక పెద్ద వాక్యూమ్ యంత్రానికి కలిపి లోపలి గాలిని బయటికి పీలుస్తూ ఉంటారు. 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని పట్టుకునే హెపా ఫిల్టర్ ఆ యంత్రానికి ఉండాలి. ఆ పీల్పు నడుస్తుండగానే తిరిగే బ్రష్షులతో, గాలి కొరడాలతో గోడల దుమ్మును లేపుతారు. మనిషి పోలేని చోటికి కెమెరా బిగించిన చిన్న చక్రాల బండిని పంపుతారు. డక్టు లోపల గ్లాస్ ఫైబర్ పొర ఉంటే మొరటు బ్రష్ దాన్ని చీల్చేస్తుంది. ఆ పొర తడిసి బూజు పట్టిందా, కడగడం దండగ, మార్చాల్సిందే. పని బాగా జరిగిందో లేదో తేల్చడానికి అమెరికాలోని డక్టు క్లీనర్ల సంఘం నాడ్కా ఒక పరీక్ష పెట్టింది. 100 చదరపు సెంటీమీటర్ల చోటు నుంచి వాక్యూమ్‌తో తీసిన దుమ్ము 0.75 మిల్లీగ్రాములు మించకూడదు.

ఎండు దుమ్ము కంటే భయపడాల్సింది తడికి. 1976 జులైలో ఫిలడెల్ఫియాలోని బెల్లెవ్యూ స్ట్రాట్‌ఫర్డ్ హోటల్లో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లకు అంతుచిక్కని న్యుమోనియా సోకింది. ఆ ప్రాంగణంలో తిరిగిన ఇతరులతో కలిపి 34 మంది చనిపోయారు. కారణమైన బాక్టీరియాను జోసెఫ్ మెక్‌డేడ్ గుర్తించేసరికి ఆరు నెలలు పట్టింది. దానికి లీజియోనెల్లా అని పేరు పెట్టారు. అనుమానం డక్టు దుమ్ము మీదికి పోలేదు, ఏసీ వ్యవస్థలోని కూలింగ్ టవర్ నీళ్ల మీదికి పోయింది. అందుకే తెలిసిన టెక్నీషియన్ డక్టు విప్పకముందే ఫిల్టర్ సందుల్లో ఖాళీ ఉందా, కాయిల్ మురికి పట్టిందా, కింది ట్రేలో నీళ్లు నిలుస్తున్నాయా అని చూస్తాడు. ట్రే పాచిపట్టి ఉండగా డక్టు కడిగించడం, పైకప్పు కారుతుండగా నేల తుడుచుకున్నట్టే.

శుభ్రతకు మించిన తనిఖీ ఒకటుంది. గోడనో శ్లాబునో దాటేచోట డక్టులో ఫైర్ డ్యాంపర్ అనే రేకు తలుపు పెడతారు. సుమారు 70 డిగ్రీల వేడికి కరిగిపోయే చిన్న లింకు దాన్ని తెరిచి పట్టుకుంటుంది. లింకు కరిగితే తలుపు పడిపోయి మంటను ఆపుతుంది. పొగకు అంత వేడి ఉండక్కర్లేదు కాబట్టి, పొగను పసిగట్టి మోటారుతో మూసుకునే డ్యాంపర్లూ ఉంటాయి. ఏళ్ల తరబడి కదలని ఏ తలుపైనా తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. కేబుల్ లాగినవాడు అందులోంచే వైరు దూర్చేసి పోతాడు. 1980 నవంబర్ 21న లాస్ వెగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్ హోటల్లో కింది అంతస్తు రెస్టారెంటులో మొదలైన మంటకు 85 మంది బలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది మంట చేరని పై అంతస్తుల్లో పొగకు చనిపోయారు. లిఫ్టు, మెట్ల దారులతో పాటు సరిగా పనిచేయని డ్యాంపర్లున్న గాలి వ్యవస్థ కూడా ఆ పొగను పైకి చేరవేసింది.

మన దేశంలో ఆ పాఠం 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ధాకురియాలోని ఆమ్రి ఆసుపత్రిలో మళ్లీ ఎదురైంది. తెల్లవారుజామున సెల్లారులో అంటుకున్న మంట పొగ ఏసీ డక్టుల గుండా వార్డుల్లోకి పాకింది. కదలలేని రోగులు, తెరవడానికి వీల్లేని అద్దాల గోడలు. దాదాపు 90 మంది ఊపిరాడక పోయారు. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు నర్సులు రోగులను బయటికి చేరుస్తూ తాము మిగల్లేదు. మంచం మీద పడుకున్న మనిషికి చల్లగాలి తెచ్చే దారే పొగ తెచ్చే దారిగా మారగలదని తెలిశాక, డ్యాంపర్ పరీక్షను కాగితం మీద టిక్కు పెట్టి వదిలేయడానికి ఎవరికైనా మనసెలా ఒప్పుతుంది? అమెరికన్ ప్రమాణం ప్రకారం బిగించిన ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత నాలుగేళ్లకోసారి, ఆసుపత్రుల్లో ఆరేళ్లకోసారి ప్రతి డ్యాంపర్‌నూ మూసి తెరిచి చూడాలి.

స్వీడన్ గాలి వ్యవస్థల తనిఖీని చట్టమే చేసింది. 1991లో తెచ్చిన ఓవీకే అనే నిబంధన కింద, అర్హత పొందిన ఇన్‌స్పెక్టర్ భవనంలో గాలి ఆడే తీరును నిర్ణీత కాలానికోసారి పరీక్షించాలి. బడులకూ ఆసుపత్రులకూ అది మూడేళ్లు. ఫలితం రాసిన కాగితాన్ని భవనంలో అందరికీ కనపడేచోట అంటించాలి. బిడ్డను బడికి తీసుకొచ్చిన తల్లి గుమ్మం దగ్గరే దాన్ని చదువుకోవచ్చు.

ఇళ్లలోనూ ఒక చిన్న డక్టు ఉంది. మిద్దె మీద తీగకు బట్టలారేసే మనకు దాని పరిచయం తక్కువ గానీ అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకు రోజూ దానితోనే పని. బట్టల డ్రయ్యర్ వెనక గొట్టంలో నూలుపీచు పేరుకుని అంటుకోవడం మామూలే. ఆ దేశపు అగ్నిమాపక విభాగం అంచనాలో డ్రయ్యర్ల వల్ల ఏటా 2,900 ఇళ్లలో మంటలు లేస్తాయి. ముఖ్య కారణం శుభ్రం చేయకపోవడం. బట్టలు ఆరడానికి మునుపటి కంటే ఎక్కువసేపు పడుతోందంటే గొట్టం పూడుకుపోతోందని అర్థం. ముడతల రేకు గొట్టం తీసేసి గట్టి లోహపు గొట్టం పెట్టించుకోవాలి. బయటి మూతికి జాలీ బిగించకూడదు, పీచు ఆగేది అక్కడే.

మళ్లీ హోటల్ వంటగదికి వస్తే, తెల్లవారబోతోంది. డ్రమ్ముల్లో నల్లటి నీళ్లు నిండాయి, హుడ్ మెరుస్తోంది, మాస్టర్ ఇడ్లీ పిండి దించుతున్నాడు. పని చేసినవాళ్లు పోయేముందు వంటగదిలో ఒక లేబుల్ అంటించాలని 96వ ప్రమాణం చెబుతుంది. శుభ్రం చేసిన తేదీ, చేసిన సంస్థ పేరు అందులో ఉంటాయి. వాటి కింద ఇంకో గడి ఉంటుంది. చేయి అందక, మూత లేక, శుభ్రం చేయకుండా వదిలేసిన భాగాలేవో అందులో రాయాలి.