రంగూనులో పెట్టిన బంగారు కిరీటం

పోయిన నెల సంఘం భోజనాల దగ్గర ఒక కుర్రవాడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. వాడికి అమెరికా టెలివిజను నాటకాలంటే ప్రాణం. పాతికేళ్ల వయసులో తెరమీదికి వచ్చి, తల నెరిసేదాకా వారం వారం ఇంట్లో మనిషిలా కనిపిస్తూ వచ్చిన నటుల పేర్లు వరసగా అప్పజెప్పి, “మనవాళ్లలో ఇలాంటివాళ్లు ఉన్నారా, అంకుల్?” అన్నాడు. సినిమావాళ్ల పేర్లు చెప్పబోతే ఒప్పుకోలేదు. “సినిమాలో తప్పుపోతే మళ్లీ తీస్తారు. నలభై ఏళ్లు అలుపు లేకుండా జనం ముందుకు వచ్చినవాళ్లు కావాలి” అన్నాడు. పెద్దలం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని పెరుగన్నం కలుపుకున్నాం.

ఇంటికి వచ్చాక జవాబు తట్టింది. ఆయన పేరు స్థానం నరసింహారావు. హైదరాబాదుకు టెలివిజను రాకముందే కన్నుమూశారు కనుక ఆ పెట్టెలో ఆయన ఏనాడూ కనిపించలేదు. కాని నలభై ఏళ్ల రంగస్థల జీవితం, పదిహేను వందలకు పైగా ప్రదర్శనలు, అదీ మైకు ఆసరా ఇంకా లేని రోజులతో మొదలుపెట్టి. అన్నిటికన్నా ముఖ్యం, మనం కాపురముంటున్న ఈ తన్లిన్‌కు ఏటి అవతల, రంగూనులో, 1938లో ఆయనకు బంగారు కిరీటం బహూకరించారు. ఇంత దగ్గర చుట్టరికం ఉన్న మనిషిని మన పిల్లలకు చెప్పకపోవడం మన తప్పే.

స్థానం వారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టారు. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో ఇంటి భారం మీద పడింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషం వెయ్యవలసిన నటుడు రాలేదు. ఆ వేషం ఈ కుర్రవాడు కట్టాడు. అంతే, ఆ రాత్రి నుంచి వెనక్కి చూసుకోలేదు. తర్వాత తెనాలిలోని రామవిలాస సభలో చేరి, మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి ఉద్దండుల సరసన నిలబడ్డారు. సుబ్బారావు గారు మా వృత్తివారే సుమా! తెనాలిలో వైద్యం చేస్తూనే నాటకాలాడి, 1955 నాటి ‘కన్యాశుల్కం’ సినిమాలో లుబ్ధావధాన్లుగా అందరికీ గుర్తుండిపోయారు. క్లినిక్కు ఉంది కనుక తీరిక లేదనే మాబోటి డాక్టర్లు ఈ సంగతి కాస్త మనసులో పెట్టుకోవాలి.

ఆ రోజుల్లో మర్యాదస్తుల ఇళ్ల ఆడపిల్లలు స్టేజీ ఎక్కడమంటే పెద్ద మాట. ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. మరాఠీవారికి బాలగంధర్వ, చీనావారికి మే లాన్‌ఫాంగ్ ఎలాగో, మనకు స్థానం అలాగ. మే లాన్‌ఫాంగ్ 1930లో అమెరికా వెళ్లి అక్కడివారి చేత జేజేలు కొట్టించుకున్నాడు. మన స్థానం వారు అంత దూరం పోలేదు. బంగాళాఖాతం దాటి రంగూను వచ్చారు.

వైద్యులుగా మాకు ఇక్కడ ఒక విషయం ఆశ్చర్యం కలిగిస్తుంది. యౌవనంలో మగవాడి స్వరపేటిక పెరిగి గొంతు దిగిపోతుంది, భుజాలు విచ్చుకుంటాయి, నడక మారుతుంది. రంగూనులో కిరీటం పెట్టించుకునేనాటికి ఆయనకు ముప్పై అయిదు దాటాయి, అంటే ఇంచుమించు ఇప్పటి మా వయసు. ఆ వయసు మగవాడు పట్టుచీర కట్టి, నగలు పెట్టి, రాత్రి పొద్దుపోయేదాకా పద్యాలు పాడుతూ, కిక్కిరిసిన పందిట్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా సత్యభామగా కనిపించాలి. దొంగగొంతు పెట్టుకుంటే ఒక గంట లాగవచ్చునేమో, నలభై ఏళ్లు లాగడం ఎవరి తరం? అంచేత పని చెయ్యవలసింది గొంతు ఒక్కటే కాదు. చూపు, మెడ తిప్పడం, పైట సర్దుకోవడం, అడుగు వెయ్యడం, ఇవన్నీ పని చెయ్యాలి. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ గర్వం వేరు, ‘కన్యాశుల్కం’లో మధురవాణి గడుసుదనం వేరు, ‘సారంగధర’లో చిత్రాంగి వ్యామోహం వేరు, చింతామణి వేరు, రోషనార వేరు. ఒక్కో స్త్రీకి ఒక్కో నడక, ఒక్కో చూపు ఇచ్చారనే ఆయన్ని జనం అంతగా నెత్తిన పెట్టుకున్నారు. ఆడవేషం కట్టడం ఎందరో చేశారు; ఆడమనిషి మనసు కట్టినవాడు ఆయన.

‘తులాభారం’లో సత్యభామ కృష్ణుణ్ణి తన చెప్పుచేతల్లో ఉంచుకున్నానని మురిసిపోతూ పాడే పాట మనందరికీ తెలుసు. 1966లో వచ్చిన సినిమాలో సుశీల పాడగా జమున అభినయించారు. ఆ పాట రాసింది స్థానం వారే. తన వేషానికి తనే పాట రాసుకుని, తనే పాడి, అభినయించి, ఆ పాటను నాటకం కన్నా పెద్దదాన్ని చేశారు. మన ఇళ్లలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఆడపిల్లలు పాడే ఆ పాటకు మూలం బాపట్లలో పుట్టిన ఒక మగవాడంటే మన పిల్లలు నమ్మరు. చెప్పి చూడండి.

ఇక రంగూను సంగతి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగర జనాభా నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువారే లక్షన్నరకు పైగా ఉండేవారు. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి వచ్చి ఓడల్లో బస్తాలు మోసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు, ధాన్యపు మిల్లుల్లో పనిచేసినవాళ్లు వాళ్లలో ఎక్కువ. ఒకప్పటి కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లను కోరంగీలనేవారు. అప్పట్లో సిరియం అనే మన తన్లిన్‌లో బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీ ఉండేది. అందులోని కూలీల్లోనూ మనవాళ్లు దండిగా ఉండేవారు. వంతెన వచ్చింది 1993లో. అప్పట్లో పడవ మీద ఏరు దాటవలసిందే.

ఆ జనానికి నాటకమంటే ఏమిటో మనం ఊహించుకోవచ్చు. ఇవాళ మనకు ఫోను తీస్తే అమ్మ గొంతు వినిపిస్తుంది. వాళ్లకు ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. వచ్చినా చదివిపెట్టడానికి మరొకరు కావాలి. పద్యం వినడానికి చదువు అక్కరలేదు. రాత్రంతా సాగే ‘జాత్ ప్వే’ నాటకాలు బర్మీయులకు ఉన్నట్టే, మనవాళ్లకు హరిశ్చంద్రా తులాభారమూ ఉండేవి.

కాలం మాత్రం మంచిది కాదు. 1930 మేలో రేవు కూలీల సమ్మె ముగింపులో తెలుగువాళ్లకూ బర్మీయులకూ కొట్లాటలు జరిగి ఎందరో చచ్చిపోయారు. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1938 జూలైలో రంగూనులో మళ్లీ అల్లర్లు, మళ్లీ భారతీయుల మీద దాడులు. స్థానం వారికి కిరీటం పెట్టిందీ ఆ ఏడాదే. చేతిలో నాలుగు డబ్బులుంటే దాచుకోవలసిన రోజుల్లో ఈ ఊరు ఒక నటుడి తల మీద బంగారం పెట్టింది! మాకు ఇందులో డాబు కనిపించదు. “ఇంత దూరంలోనూ మేము మేమే” అని చెప్పుకోవడం కనిపిస్తుంది.

నాలుగేళ్లు తిరగకుండా ఆ ప్రేక్షకులు చెల్లాచెదరయ్యారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపానువాళ్ల బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో, జపాను సైన్యం చేతికి చిక్కకూడదని సిరియం రిఫైనరీని ఇంగ్లీషువాళ్లే తగలబెట్టిపోయారు. లక్షలాది భారతీయులు అరకాను దారినా, మణిపూరు దారినా కాలినడకన బయలుదేరారు. కలరా, మలేరియా, ఆకలి ఎందరిని పొట్టన పెట్టుకున్నాయో లెక్క లేదు. మిగిలినవాళ్లలోనూ చాలామంది 1964 తర్వాత, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసినప్పుడు, కట్టుబట్టలతో వెళ్లిపోయారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇవాళ్టికీ ఉంది.

స్థానం వారు మాత్రం ఆడుతూనే ఉన్నారు. 1956లో పద్మశ్రీ, 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చాయి. తన అనుభవాలను ‘నటస్థానం’ అనే పుస్తకంగా రాశారు. 1971 ఫిబ్రవరి 21న పోయారు. గ్రామఫోను పాటలు కొన్ని, సినిమాలు ఒకటి రెండు ఉన్నాయి గాని, పదిహేను వందల రాత్రుల అభినయం ఏ పెట్టెలోనూ లేదు. అమెరికా నటుడి నలభై ఏళ్లను మన కుర్రవాడు బొత్తాం నొక్కి చూడగలడు. స్థానం వారి నలభై ఏళ్లు చూసినవాళ్ల నోట వినవలసిందే. చూసినవాళ్లు ఇక లేరు. విన్నవాళ్లు మిగిలారు, అదీ ఒకరో ఇద్దరో.

అలా విన్న మనిషి ఒకావిడ ఈ తన్లిన్‌లోనే గుడి దగ్గర మాకు తటస్థపడింది. రిఫైనరీ కూలీ కుటుంబం. డెబ్భై దాటాయి. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. పిల్లలకు మాట్లాడడమూ అంతంత మాత్రం. నాటకాల మాటెత్తితే నవ్వింది. “మా మామ్మ చెప్పీది, డాట్రుబాబూ. ఓడెక్కి నాటకపోలు వచ్చీవోరంట. రేవు దాటెల్లి సూసీవోరంట. ఆడేసం కట్టినోడు మగోడంటే మా మామ్మ నమ్మనేదంట. సీర అంత బాగా మనకే కట్టడం రాదు, ఆడికెలాగొస్తాదీ అన్నాదంట!” ఆ నటుడి పేరు ఆవిడకు తెలియదు. ఆయన స్థానమే అని మేము బల్లగుద్ది చెప్పము. ఆ కాలంలో ఆడవేషాలు వేసినవారు చాలామంది. అయినా ఎనభై తొంభై ఏళ్ల క్రితం ఒక నటుడు చీర కట్టిన తీరు, చదువురాని ఒక కుటుంబంలో మూడో తరం దాకా వచ్చిందంటే, ఏ పురస్కారం దానికి సాటి వస్తుంది?

అది నాలుగో తరానికి పోలేదు. ఆవిడ మనవలకు ఈ కథ తెలియదు. మన ఇళ్ల సంగతి కూడా ఆలోచించుకోవాలి. మనం చదువుకున్నవాళ్లం, తిలావా కంపెనీల్లోనో ఆస్పత్రుల్లోనో మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లం, మన భాష ఎక్కడికీ పోదనుకుంటాం. కిరీటం పెట్టినవాళ్లూ అలాగే అనుకుని ఉంటారు.

అందుకని మా మనవి రెండే రెండు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతగారినీ అమ్మమ్మగారినీ కూర్చోబెట్టి, వాళ్లు చూసిన నాటకాలూ, వాళ్ల పెద్దలు చూశామని చెప్పిన నాటకాలూ ఫోనులో పట్టి తీసుకురండి. రెండోది, వచ్చే ఉగాదికి మన పిల్లల చేత తులాభారం ఘట్టం ఒక్కటి వేయిద్దాం. సత్యభామ వేషం ఆ ప్రశ్న అడిగిన కుర్రవాడికే ఇద్దామని మా ఆలోచన. చీర కట్టడం నేర్పించే పని ఆ గుడి దగ్గర పెద్దావిడ ఒప్పుకుంది.