పడకగదిలో ఏ సామాను ఉండాలి?

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి తన ఏడేళ్ల కుమారుని నా వైద్యశాలకు తీసుకొని వచ్చింది. బాలునికి తెల్లవారుజామున తుమ్ములు, కన్నుల మంట, ముక్కు దిబ్బడ. ప్రతిశ్యాయమని నిర్ణయించి మూడు వారాలు ఔషధమిచ్చాను. గుణం కనిపించలేదు. సెలవులలో అమ్మమ్మగారి ఊరిలో ఉన్నన్నాళ్లూ బాలుడు హాయిగా ఉన్నాడని తల్లి చెప్పిన పిదప గాని, అడగవలసిన ప్రశ్న నేను అడగలేదని నాకు స్ఫురించలేదు. అతడు నిద్రించే గదిలోకి కొత్తగా ఏమి వచ్చింది? మంచం, బీరువా, చదువుకొనే బల్ల. మూడూ పార్టికల్ బోర్డువే. బీరువా తలుపు తీస్తే ఘాటైన వాసన వస్తుందట.

రోగకారణాన్ని తొలగించడమే చికిత్సలో మొదటి మెట్టు అని, దానినే నిదాన పరివర్జనమంటారని గురుకులంలో మా గురువుగారు నిత్యం బోధించేవారు. ఆ పాఠాన్ని నేనే మరచాను. సామానును వరండాలోకి మార్పించి, గది కిటికీలు తెరిపించిన తరువాత బాలుని బాధలు క్రమంగా తగ్గాయి.

ఆ వాసనకు మూలమేమిటి? రంపపుపొట్టును, చెక్కపేళ్లను జిగురుతో కలిపి అదిమితే పార్టికల్ బోర్డు తయారవుతుంది. ఆ జిగురు సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్. దాని నుండి ఫార్మాల్డిహైడ్ వాయువు మెల్లగా వెలువడుతూనే ఉంటుంది. సామాను కొత్తగా ఉన్నప్పుడు అధికంగానూ, నెలలు గడిచేకొద్దీ తక్కువగానూ వస్తుంది. వేడి, తేమ దానిని పెంచుతాయి. మన ఎండలకు, వానాకాలపు ఉక్కకు ఈ విషయం ముఖ్యం. కన్ను, ముక్కు, గొంతులను అది బాధిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో దీనిని మానవులకు క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. బీరువా కొన్న ప్రతివారికీ ఆ వ్యాధి వస్తుందని దీని అర్థం కాదు. అనవసరంగా పీల్చరాదని మాత్రమే గ్రహించాలి.

ఇక ఎంపిక విషయం.

1. ఇంట్లో ఉన్న పాత కర్ర సామానును బాగు చేయించుకోవడం ఉత్తమం. కొత్త చెట్టు కొట్టనక్కరలేదు. అయితే పాత రంగులలో సీసం ఉండవచ్చు. పిల్లలున్న ఇంట ఆ రంగును గరుకు కాగితంతో పొడిగా రుద్దించరాదు.

2. కొత్తది కావలసినచో, పొలాల గట్ల మీద, పెరళ్లలో పెరిగిన వేప, తుమ్మ వంటి చేవగల, బాగా ఆరిన కర్రను ఎంచుకోండి. అడవి నుండి దొంగచాటుగా వచ్చే కర్ర చవకగా దొరికినా కొనకండి.

3. నులక మంచం, నవారు మంచం గాలి ఆడే పడకలు. వదులైనచో బిగించుకోవచ్చు, నల్లులు పట్టినచో ఎండలో వేయవచ్చు. నడుమునొప్పి గలవారికి మాత్రం కుంగే మంచం పనికిరాదు. వెదురు, పేము కుర్చీలు కూడా మంచివే.

4. బోర్డు తప్పనిసరి అయితే ఇ-0 లేదా ఇ-1 శ్రేణి ముద్ర ఉన్నదా అని అడగండి. కోసిన అంచులు, వెనుక భాగం సైతం మూసి ఉండాలి, ఎందుకంటే వాయువు అక్కడి నుండే ఎక్కువగా వస్తుంది. తెచ్చిన వెంటనే పడకగదిలో పెట్టక, కొన్ని వారాలు తలుపులు తెరచి గాలి తగిలే చోట ఉంచండి.

5. మెరుగుకు లక్క పాలిష్ చాలును. అది కూడా పూర్తిగా ఆరిన తరువాతనే వాడండి.

సాంబ్రాణి పొగతో ఈ వాసనను కప్పవచ్చునేమో గాని, వాయువు పోదు. పైగా ఆయాసం గలవారికి పొగ హాని చేస్తుంది. ఆయాసం, పిల్లికూతలు ఉన్నచో గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుని చూడాలి.

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలని చరకుడు చెప్పాడు. రాత్రంతా పీల్చే గాలి చెడితే నిద్ర అనే ఆ స్తంభం బలహీనమవుతుంది. కనుక సామాను కొనేటప్పుడు ధర అడిగినట్లే, ఇది ఏ కర్ర, ఏ జిగురు అని కూడా అడగండి.