ప్రతి కుట్టుకూ ఒక కారణం

మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ నింగికెగిరింది 1957 అక్టోబరు 4న. దేశాల మధ్య అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది 1967 అక్టోబరు 10న. అందుకే ఏటా ఆ రెండు తేదీల మధ్య ప్రపంచమంతా అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. శ్రీహరికోటకు ఇరుగుపొరుగున ఉన్న మనకు ఆ వారం మీద మమకారం ఇంకాస్త ఎక్కువే ఉండాలి. జలదంకిలోనో, ఉదయగిరిలోనో, ఆత్మకూరులోనో బడిలో వేషాల పోటీ పెడితే వ్యోమగామి వేషం కట్టే పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, వీపున వెండి కాగితం చుట్టిన అట్టపెట్టె, నెత్తిన బైకు హెల్మెట్. ఎవరి వేషమో తెలుస్తుంది గానీ, నిజమనిపించదు.

డబ్బు చాలక అలా అవుతుందని అనుకుంటాం. ఆ పెట్టె ఎందుకుందో, గొట్టం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో చేసేవాళ్ళకు తెలియకపోవడమే అసలు లోపం. స్పేస్‌సూట్‌లో అందం కోసం పెట్టినవి బహు తక్కువ. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకుని చేస్తే, కావలి బజారులో దొరికే సరుకుతోనే చూసినవాళ్ళు నమ్మే నమూనా తయారవుతుంది.

ముందు ఏ సూటో తేల్చుకోండి

రోదసికి వెళ్ళేవాళ్ళంతా ఒకే రకం బట్టలు వేసుకోరు. తెలుగు మూలాలున్న ముగ్గురిని చూస్తే తేడా బోధపడుతుంది. గుంటూరులో పుట్టిన బండ్ల శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్ళారు. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో వెళ్ళారు. ఇద్దరివీ నీలం రంగు ఫ్లైట్ సూట్లు. రోదసి అంచు దాకా వెళ్ళి కాసేపట్లో దిగివచ్చే ప్రయాణం, క్యాబిన్ నిండా గాలి. కాబట్టి గాలి నింపే సూటుగానీ, హెల్మెట్‌గానీ వాళ్ళకు అక్కర్లేకపోయింది.

మూడో ఆయన రాజాచారి. తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడ్డారు. 2021 నవంబరులో స్పేస్‌ఎక్స్ నౌకకు కమాండర్‌గా బయల్దేరినప్పుడు ఆయన తొడిగింది ఒంటికి అంటుకున్నట్టుండే తెల్ల సూటు. క్యాబిన్‌లో గాలి పోతే ప్రాణం కాపాడటమే దాని పని. దాని రూపాన్ని గీసిన హోసే ఫెర్నాండెజ్ హాలీవుడ్ సినిమాలకు కాస్ట్యూములు చేసే కళాకారుడు. ఆ రూపానికి తగ్గట్టు ఇంజినీర్లు లోపలి పనితనం అమర్చారు. రాజాచారి 2022 మార్చి 15న, మళ్ళీ 23న అంతరిక్ష కేంద్రం బయటికి వచ్చి పనిచేశారు. అప్పుడు వేసుకున్నది నాసా వారి బరువైన స్పేస్‌వాక్ సూటు. భూమ్మీద తూస్తే దాదాపు 127 కిలోలు!

మన గగన్‌యాన్ కోసం రూపొందించిన నారింజ రంగు సూటును 2018 సెప్టెంబరులో బెంగళూరు స్పేస్ ఎక్స్‌పోలో చూపించారు. అమెరికా షటిల్ వ్యోమగాములూ చాలా ఏళ్ళు నారింజ రంగే తొడిగారు. ప్రమాదం జరిగి సముద్రంలో పడితే, వెతికేవాళ్ళకు దూరం నుంచే కనబడాలని.

చిన్న పిల్లలకైతే శిరీష వేసుకున్న తరహా ఫ్లైట్ సూటు చాలు. కాస్త ఓపిక ఉంటే నారింజ సూటు. హైస్కూలు పిల్లలు నలుగురైదుగురు కలిసి చేసేట్టయితే స్పేస్‌వాక్ సూటు ఎంచుకోవచ్చు. ఒకదాని రంగు, ఇంకోదాని హెల్మెట్ మాత్రం కలపకండి. ఈ కిందిదంతా స్పేస్‌వాక్ సూటు గురించి.

గుడ్డ గాలి నింపినట్టు ఉండాలి

రోదసిలో గాలి లేదు కాబట్టి సూటు లోపల ఆక్సిజన్ నింపుతారు. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. నాసా సూటులో 4.3 మాత్రమే. మూడో వంతు కూడా లేని ఆ ఒత్తిడికే సూటు బిర్రబిగిసిపోతుంది. 1965 మార్చి 18న మొట్టమొదట రోదసిలో నడిచిన అలెక్సీ లియోనోవ్‌కు అదే ప్రాణం మీదికి తెచ్చింది. సూటు ఉబ్బి ద్వారంలో పట్టకపోతే, కొంత గాలి బయటికి వదిలి నౌకలోకి దూరాడు.

కాబట్టి నమూనా వేలాడకూడదు, ఉబ్బి కనబడాలి. మందపాటి తెల్ల డ్రిల్ గుడ్డ తీసుకుని కొలత కంటే వదులుగా కత్తిరించండి. లోపల నూలు లైనింగు వేసి, రెండింటి మధ్య పల్చటి ఫోమ్ షీటు పరిచి బొంత కుట్టినట్టు అక్కడక్కడా కుట్టండి. శాటిన్‌లాంటి మెరిసే గుడ్డ వద్దు. 1967 జనవరిలో అపోలో నౌకలో మంటలు రేగి ముగ్గురు చనిపోయాక, చంద్రుడి మీదికి వెళ్ళిన సూట్లకు గాజు నారతో నేసి టెఫ్లాన్ పూసిన బీటా గుడ్డను పై పొరగా వేశారు. అదీ తళతళలాడే గుడ్డ కాదు.

గాలి నిండిన చేతిని వంచడం కష్టం. వంచినచోట లోపలి జాగా తగ్గి, గాలి ఎదురు తిరుగుతుంది. అందుకే అసలు సూట్లలో మోచేతులు, మోకాళ్ళ దగ్గర మడతలు మడతలుగా ఉండే ప్రత్యేకమైన కీళ్ళు పెడతారు. మన నమూనాలో ఆ చోట్ల లోపలివైపు ఎలాస్టిక్ వరసలు దగ్గర దగ్గరగా కుడితే అలాంటి మడతలే వస్తాయి. చూపు మొదట పడేది వాటి మీదే.

ఈ పనికి అసలైన నిపుణులు మన ఊళ్ళ టైలర్లే. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ సూటు కుట్టింది అమెరికాలో ఆడవాళ్ళ లోదుస్తులకు పేరుపడ్డ ప్లేటెక్స్ వాళ్ళ కంపెనీ కుట్టుపని మహిళలు. 21 పొరల సూటు అది. కుట్టు గీత మీంచి అంగుళంలో 64వ వంతుకు మించి పక్కకు పోకూడదు. పొరపాటున ఒక్క గుండుసూది లోపల మిగిలినా సూటుకు చిల్లుపడి మనిషి ప్రాణం పోతుంది. కాబట్టి సూదులన్నిటికీ లెక్క ఉండేది. చంద్రుడి మీద మనిషిని కాపాడింది కుట్టుమిషను అని పిల్లలకు చెప్పాల్సిందే.

హెల్మెట్ తలతో పాటు తిరగదు

స్పేస్‌వాక్ హెల్మెట్ మెడ దగ్గరి లోహపు వలయానికి బిగిసి ఉంటుంది. తల లోపలే అటూ ఇటూ తిరుగుతుంది. బైకు హెల్మెట్ ఎందుకు నప్పదో ఇప్పుడు తెలుస్తుంది. పెద్ద బెలూను ఊది, దాని మీద మైదా బంకతో పాత దినపత్రికల ముక్కలు ఐదారు పొరలు అంటించి, ఎండాక ముఖం జాగా కోసేయండి. తల చుట్టూ బెత్తెడు ఖాళీ ఉండాలి. పాత ప్లాస్టిక్ బకెట్ అంచు కోసి వెండి రంగు వేస్తే మెడ వలయం సిద్ధం.

కంటి ముందు అద్దానికి పల్చటి బంగారు పూత ఉంటుంది. ఎండ తీక్షణతను, వేడిని అది వెనక్కి కొడుతుంది. నీడలో ఉన్నప్పుడు వ్యోమగామి దాన్ని పైకెత్తుకుంటాడు. మీరూ ఒక బంగారు రంగు ఫిల్మును పైకెత్తిన భంగిమలోనే బిగించండి. అసలుకు దగ్గరగా ఉంటుంది, పిల్లవాడి ముఖానికి గాలీ ఆడుతుంది.

ఛాతీ మీద తిరగేసిన అక్షరాలు

నాసా సూటు ఛాతీ పెట్టె మీద అక్షరాలు తలకిందులుగా కాదు, అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. హెల్మెట్ అడ్డం వల్ల వ్యోమగామి తన ఛాతీని తాను చూసుకోలేడు. మణికట్టుకు కట్టిన చిన్న అద్దంలో చూసి చదువుకుంటాడు. ట్రేసింగ్ పేపరు మీద రాసి తిరగేసి అంటించి, చేతికో చిన్న అద్దం కట్టండి. మందపాటి గ్లవ్స్‌తో తిప్పాలి కాబట్టి మీటలు పెద్దవిగా ఉండాలి. భౌగోళిక గుర్తింపు పొందిన చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కే ఉదయగిరి కళాకారులకు నాలుగు మీటలు చెక్కడం ఎంతసేపు!

కాళ్ళ మీద ఎర్ర చారల సంగతీ అంతే. మొదట్లో చంద్రుడి మీద దిగినవాళ్ళ ఫొటోల్లో ఎవరెవరో పోల్చుకోలేక, ఆ తర్వాత కమాండర్ సూటుకు ఎర్ర చారలు వేశారు. మీ జట్టులో ఇద్దరు వ్యోమగాములుంటే ఒక్కరికే చారలు వేయండి.

వీపు పెట్టెలో అసలైతే ఆక్సిజన్, నీళ్ళు, బ్యాటరీ, ఫ్యాను, వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పట్టేసే డబ్బా ఉంటాయి. పౌరాణిక నాటకంలో భుజకీర్తులు కంటికి బంగారంలా బరువుగా కనబడి, భుజానికి తేలిగ్గా ఉంటాయి కదా, ఈ పెట్టెనూ అలా చేయాలి. థర్మాకోల్‌తో చేసి, పైన తెల్ల గుడ్డ తొడిగి, వెల్క్రో పట్టీలతో తగిలించండి.

గాలి, వేడి: ఇక్కడ రాజీ వద్దు

శూన్యంలో, అన్ని పొరల లోపలి నుంచి ఒంటి వేడి సులువుగా బయటికి పోదు. అందుకే అసలు సూటు అడుగున ఒంటికి అంటుకునే ఒక బనీను, దాని నిండా దాదాపు 90 మీటర్ల సన్నటి గొట్టాలు, వాటిలో చల్లటి నీళ్ళు. మన నమూనాలో ఆ ఏర్పాటు లేదు, ఫోమ్ పొర మాత్రం ఉంది. నెల్లూరు ఎండకు పిల్లవాడు లోపల ఉడికిపోతాడు. హెల్మెట్ వెనక అరచేయంత కిటికీ వదిలి, బ్యాటరీతో తిరిగే బుల్లి ఫ్యాను పెట్టండి. ముఖాన్ని ప్లాస్టిక్ కవరుతో ఎప్పుడూ మూయకండి. మెడ వలయాన్ని బిగించకండి. వేదిక ఎక్కేముందు తొడిగి, దిగగానే విప్పండి. పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండి తీరాలి.

పోటీ అయ్యాక ఆ సూటును అటక మీద పడేయకుండా బడి ప్రయోగశాలకు ఇవ్వండి. ఒక్కో భాగం పక్కన దాని పనేమిటో తెలుగులో రాసి అంటించండి. మరుసటి ఏడు పిల్లలు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టక్కర్లేదు. గ్లవ్స్ ఇంకా బాగా చేయవచ్చు, లోపల నీటి గొట్టాలు నిజంగానే అమర్చవచ్చు. న్యాయనిర్ణేతలు కూడా సూటు మెరుపుకు మార్కులు తగ్గించి, "ఈ అద్దం ఎందుకమ్మా?" అని అడిగి, చెప్పిన జవాబుకు మార్కులు వేస్తే పోటీకి అర్థం ఉంటుంది.