పేరునకు మాత్రమే బీడు

మన పైరు పండని నేలను బీడని త్రోసివేయుట లోకరీతి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, దక్షిణభాగమందు, అట్టి పేరు మోయుచున్న మహావన మొకటి కలదు. ఐరోపానుండి వచ్చి యచట కాపురముండినవారు తమ ధాన్యములు పండకపోవుటచే దానికి 'పైన్ బీళ్లు' అని పేరిడిరి. పైన్ అనగా సరళవృక్షము. నేల వట్టి యిసుక. వాగుల నీరు పులుపు, తేనీటి వన్నె. అయినను ఆ లోపములే యచటి జీవులకు పెన్నిధులు.

అచట ముఖ్యమైన వృక్షము పిచ్ పైన్. దాని బెరడు మిక్కిలి దళసరి. కార్చిచ్చు సోకి కొమ్మలు మాడినను మ్రానునుండియే క్రొత్త చిగుళ్లు వెడలును. కొన్ని చెట్ల కాయలు బంకతో మూసికొని యేండ్ల తరబడి యుండి, మంటవేడికి విచ్చి విత్తులు రాల్చును. అగ్నిని బొత్తిగా నాపినచో ఓక్ చెట్లు క్రమ్ముకొని పైన్ మొలకలకు ఎండ తగులనీయవు. అందువలన అటవీరక్షకులు చలికాలమున కనిపెట్టియుండి చిన్న మంటలను తామే పెట్టుదురు.

బురదనేలలలో కూజాలవంటి ఆకులు గల మొక్కలును, ఆకులపై జిగురుబిందువులు మెరయు మొక్కలును ఉన్నవి. నేలలో దొరకని సారమును ఇవి పురుగులను పట్టి జీర్ణించుకొని పొందును. ఆ పుల్లని నీటనే రెండంగుళములు మించని పచ్చని చెట్టుకప్ప గ్రుడ్లు పెట్టును. దాని ప్రక్కల ఊదారంగు చార యుండును. నీటి పులుపు తగ్గెనేని పెద్దకప్పలు చేరి దాని చోటు నాక్రమించును.

ఈ నేల విలువ గుర్తించిన స్త్రీ ఎలిజబెత్ వైట్. ఆమె తండ్రికి వైట్స్‌బాగ్ అను చోట క్రాన్‌బెర్రీ తోటలుండెను. నేరేడు వన్నె గల బ్లూబెర్రీకి పుల్లని నేలయే కావలెనని ఫ్రెడరిక్ కోవిల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1910లో ప్రకటించెను. అది చదివి, 1911లో ఆమె తమ నేలను అతని ప్రయోగములకు ఇచ్చుటకు ముందునకు వచ్చెను. పెద్దపండ్లు కాయు పొదలను చూపిన వనవాసులకు సొమ్మిచ్చి, పొదలకు వారి పేర్లే పెట్టెను. 1916లో తొలిపంట అమ్ముడయ్యెను. నేడు మన నగరముల అంగళ్లలోను బ్లూబెర్రీలు కానవచ్చుచున్నవి.

1978లో అమెరికా ప్రభుత్వము సుమారు 11 లక్షల ఎకరముల ఈ ప్రదేశమును జాతీయ రక్షితప్రాంతముగ నేర్పరచెను. అయినను అందు ఊళ్లును ఇండ్లును ఉన్నవి. ఇసుకపై పోసినదెల్ల వేగమే భూగర్భజలములోనికి దిగును. ఇంటిముంగిట పచ్చికకు చల్లిన ఎరువు సైతము కొన్నాళ్లకు ఆ చిన్నికప్ప మడుగును చేరగలదు.