వీసా వచ్చిందా? సరే... ఏ వీసా?

విదేశీ ఉద్యోగానికి బయల్దేరే ముందు మీరే చదువుకోవాల్సిన కాగితం

‘అన్నా, వీసా వచ్చింది. పదిహేనో తారీఖు ఫ్లైటు.’

వాట్సాప్‌లో ఈ మెసేజ్ వచ్చిందంటే ఇంట్లో హడావుడి మొదలైనట్టే. అమ్మ పచ్చళ్లు కట్టే పనిలో ఉంటుంది. నాన్న ఏజెంటుకు ఇవ్వాల్సిన మిగతా డబ్బు కోసం తెలిసినవాళ్ల చుట్టూ తిరుగుతుంటాడు. దోస్తులు ‘పార్టీ ఎప్పుడు?’ అంటారు. ఇంత సందడిలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఏ వీసా?

అడగాల్సింది ముందు అదే. వీసా అంటే ఆ దేశంలోకి రానిచ్చే అనుమతి మాత్రమే కాదు. ఏ పని మీద వస్తున్నారు, ఎన్నాళ్లు ఉండొచ్చు, ఎవరి పూచీ మీద ఉంటారు అనేది కూడా అందులోనే రాసి ఉంటుంది. చూడ్డానికి వస్తున్నానని రాసుకుని పనిలో చేరితే, విమానం దిగిన మర్నాటి నుంచే మీరు ఆ దేశ చట్టం దృష్టిలో తప్పు చేస్తున్నట్టు లెక్క. జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా ఫిర్యాదు చేయడానికి కాళ్లు ముందుకు పడవు.

ఏ గడి చూడాలి?

ఏజెంటు పంపిన పీడీఎఫ్ తెరవగానే అందరూ చూసేవి రెండే... పేరు, ఫొటో. ఆ రెండూ సరిగ్గా ఉంటే ‘వీసా ఒరిజినలే’ అనుకుంటారు. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది, వీసా రకం. ‘ఎంప్లాయ్‌మెంట్’ లేదా ‘వర్క్’ అని ఉండాలి. ‘విజిట్’, ‘టూరిస్ట్’, ‘బిజినెస్’ అని ఉంటే అది ఉద్యోగ వీసా కాదు. ‘అక్కడికి వెళ్లాక మార్చేస్తాం’ అని ఏజెంటు ఎంత ధీమాగా చెప్పినా కాదు.

రెండోది, వృత్తి. మీతో డ్రైవర్ ఉద్యోగమని మాట్లాడి, వీసా మీద వ్యవసాయ కూలీ అనో పశువుల కాపరి అనో ఉంటే అక్కడికెళ్లాక చేయాల్సింది ఆ పనే. డ్రైవర్ ఉద్యోగమంటే వెళ్లి ఎడారిలో ఒంటెల వెంట తిరిగినవాళ్ల కథలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదివుంటారో!

మూడోది, స్పాన్సర్. గల్ఫ్‌లో దీన్నే కఫీల్ అంటారు. ఆఫర్ లెటర్‌లో ఉన్న కంపెనీ పేరు, వీసాలో ఉన్న స్పాన్సర్ పేరు ఒకటేనా? రెండూ వేరైతే అక్కడే ఆగండి.

‘ఆజాద్ వీసా’లో ఆజాదీ ఎంత?

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ‘ఆజాద్ వీసా’ మాట వినని ఊరు ఉండదు. కొందరు ‘ఫ్రీ వీసా’ అంటారు. ఒక కఫీల్ పేరు మీద వీసా తీసి, ‘నువ్వు బయట ఎక్కడైనా పని చేసుకో, ఏడాదికోసారి నాకింత కట్టు’ అనే ఒప్పందం ఇది. నిజానికి అలాంటి వీసా ఏ దేశ చట్టంలోనూ లేదు. కఫీల్ ఒకరు, పని ఇంకొకరి దగ్గర అయితే తనిఖీలో దొరికిన రోజే జైలు లేదా తిరుగు ప్రయాణం. ఆ కఫీల్ ‘ఇతను పారిపోయాడు’ అని ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు, అకామా ఉన్నా లేనట్టే. గల్ఫ్‌కు వెళ్లొచ్చినవాళ్లు దీన్నే ‘ఖల్లివెల్లి’ అయిపోవడం అంటారు. మాట వినడానికి సరదాగా ఉంటుంది కానీ, ఆ బతుకు అనుభవించినవాళ్లను అడగండి. జ్వరమొస్తే ఆసుపత్రికి పోవాలన్నా భయమే.

ఇక విజిట్ వీసా సంగతి. దాని మీద యూఏఈకి వెళ్లి, ఉద్యోగం వెతుక్కుని, కంపెనీ పర్మిట్ తీశాక వీసా మార్చుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. అక్కడి చట్టం దానికి వీలు కల్పిస్తోంది కూడా. ఏజెంట్లు చూపించేది ఈ కొద్దిమందినే. పర్మిట్ చేతికి రాకముందే పనిలో దించితే అది నేరం. గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా, అంటే మన లెక్కలో రోజుకు వెయ్యి రూపాయలకు పైమాటే. పర్మిట్ లేనివాళ్లను పనిలో పెట్టుకునే యజమానులకు 2024లో జరిమానాను లక్ష దిర్హామ్‌ల నుంచి పది లక్షల దాకా పెంచారు. అంత రిస్కు తీసుకునే యజమాని మీకు జీతం సక్రమంగా ఇస్తాడా, ఆలోచించండి. అదే ఏడాది సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు యూఏఈ ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించింది. వీసా గడువు దాటినవాళ్లకు జరిమానా లేకుండా ఇంటికి వెళ్లే అవకాశమిచ్చింది. అయితే ఆమ్నెస్టీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని నమ్ముకుని వెళ్లడం తెలివైన పని కాదు.

టెన్త్ పాసయ్యారా? అయితే మీరే చూసుకోవాలి

చాలామందికి తెలియని సంగతి ఇది. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ‘ఈసీఆర్’ అనే ముద్ర ఉంటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వీళ్లు 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ కార్యాలయం నుంచి క్లియరెన్స్ తీసుకోవాలి. హైదరాబాద్‌లోనూ ఈ ఆఫీసు ఉంది. ఆరు గల్ఫ్ దేశాలతో పాటు ఇరాక్, జోర్డాన్, మలేసియా, థాయ్‌లాండ్ వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. క్లియరెన్స్ ఇచ్చే ముందు వీసా, కాంట్రాక్టు, ఏజెంటు లైసెన్సు, బీమా అన్నీ చూస్తారు. అంటే మీ తరఫున ఒక అధికారి ఆ కాగితాలు చదువుతాడన్నమాట.

మరి టెన్త్, ఇంటర్, డిగ్రీ అయినవాళ్లకు? పాస్‌పోర్టు మీద ముద్ర ఉండదు. క్లియరెన్స్ అక్కర్లేదు. ‘చదువుకున్నవాళ్లు, వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు’ అని చట్టం అనుకుంటుంది. చూసుకుంటున్నామా? ఈ పేజీ చదివేవాళ్లలో ఎక్కువమంది ఈ కోవలోనే ఉంటారు కాబట్టి గుర్తుంచుకోండి... మీ కాగితాలు ప్రభుత్వం తరఫున ఎవరూ చదవరు. మీరు చదవకపోతే ఇంకెవరూ చదవనట్టే. నర్సింగ్ చేసినవాళ్లది మాత్రం మినహాయింపు. ఆ 18 దేశాలకు నర్సులుగా వెళ్లాలంటే ఎంత చదివినా క్లియరెన్స్ తప్పనిసరి.

సింగపూర్ అన్నారు... కంబోడియా చేర్చారు

చదువుకున్నవాళ్లు మోసపోరనుకుంటే పొరపాటు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, యువకులను కంబోడియాకు తరలించిన కేసు అది. అక్కడ వాళ్లను గదుల్లో పెట్టి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. మరుసటి ఏడాది మార్చిలో థాయ్‌లాండ్‌లోని మే సాట్ నుంచి వైమానిక దళ విమానాల్లో రెండు రోజుల్లో 549 మంది భారతీయులను స్వదేశానికి తీసుకొచ్చారు. వాళ్లంతా మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల స్థావరాల నుంచి బయటపడ్డవాళ్లు.

ఈ మోసాలకు వాడుకున్న దారి ఏమిటో గమనించండి. థాయ్‌లాండ్ 2023 నవంబరు నుంచి భారతీయ పర్యాటకులకు వీసా అక్కర్లేదని ప్రకటించింది. విహారానికి వెళ్లేవాళ్లకు అది మంచి కబురే. కానీ ‘వీసా కూడా అవసరం లేదు తమ్ముడూ, టికెట్ పట్టుకుని రా’ అనడానికి ఏజెంట్లకూ అదే సాకు దొరికింది. వీసా లేని ప్రవేశం పర్యటనకే. అక్కడ ఉద్యోగం చేయాలంటే వేరే వీసా, వర్క్ పర్మిట్ ఉండాల్సిందే. ఇక కంబోడియా, మయన్మార్, లావోస్ ఆ 18 దేశాల జాబితాలోనే లేవు. అంటే టెన్త్ పాస్ కాని వాళ్లకు కూడా అక్కడికి వెళ్లేటప్పుడు ఆ వడపోత ఉండదు.

కంప్యూటర్ టైపింగ్ వస్తే చాలు, ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లో, జీతం డాలర్లలో, ప్రయాణం టూరిస్టు వీసాపై... ఈ నాలుగూ కలిసి వచ్చాయంటే అది ఉద్యోగం కాదు, ఉచ్చు.

కౌంటర్ దగ్గర అబద్ధం చెప్పమంటే

‘ఇమిగ్రేషన్‌లో ఎవరైనా అడిగితే మా బావ దగ్గరికి పోతున్నా అని చెప్పు.’ ఏజెంటు నోటి నుంచి ఈ మాట వచ్చిందా? మీకు అంతకంటే పెద్ద హెచ్చరిక అక్కర్లేదు. నిజమైన ఉద్యోగానికి వెళ్లేవాడు అబద్ధం చెప్పాల్సిన అవసరమేముంటుంది?

విజిట్ వీసా మీద దిగినవాళ్లను అక్కడి అధికారులు తిరుగు టికెట్, బస చేసే చోటు, చేతిలో ఉన్న డబ్బు గురించి అడుగుతారు. సరైన జవాబు లేకపోతే అదే విమానాశ్రయం నుంచి వెనక్కి పంపేస్తారు. టికెట్ డబ్బులూ పోతాయి, ఏజెంటుకు ఇచ్చిందీ పోతుంది. ఇంకోమాట, వీసా చేతిలో ఉన్నా లోపలికి రానివ్వాలా వద్దా అనేది చివరకు ఆ కౌంటర్‌లో ఉన్న అధికారి చేతిలోనే ఉంటుంది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉందో లేదో కూడా ఇంట్లోనే చూసుకోండి.

ఎంత ఇవ్వొచ్చు?

లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జి గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. యూఏఈ చట్టమైతే నియామక ఖర్చులు కార్మికుడి నుంచి వసూలు చేయడాన్నే నిషేధించింది.

మరి లక్షన్నర అడుగుతున్నారంటే? నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెస్తే నెలకు 4,500 వడ్డీకే పోతుంది. వెళ్లిన చోట పని లేక మూడు నెలలు కూర్చున్నా వడ్డీ మాత్రం ఆగదు. ఇంటి దగ్గర అడిగేవాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సింది మీ నాన్నే.

సరైన దారి ఇలా ఉంటుంది

• ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నాయో లేదో చూడండి. సబ్ ఏజెంటునంటే ఒప్పుకోవద్దు. లైసెన్సు ఉన్నవాళ్ల ఆఫీసుకే వెళ్లి మాట్లాడండి.

• యూఏఈకి అయితే ఆఫర్ లెటర్ అరబిక్, ఇంగ్లిష్‌తో పాటు మీకు అర్థమయ్యే మరో భాషలోనూ అడగొచ్చు. హిందీ అందుబాటులో ఉంది. మీరు సంతకం చేసిన జీతమే అసలు కాంట్రాక్టులోనూ ఉండాలి.

• ఖతర్ ఉద్యోగమైతే హైదరాబాద్‌లోనే ఖతర్ వీసా సెంటర్ ఉంది. వైద్య పరీక్ష, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం ఇక్కడే పూర్తవుతాయి. ‘అవేమీ అక్కర్లేదు’ అన్నారంటే అనుమానించండి.

• ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షల బీమా.

• ప్రయాణానికి ముందు ప్రభుత్వం ఇచ్చే ఒక రోజు అవగాహన శిక్షణ ఉచితం. వదులుకోవద్దు.

• తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలకు నియామకాలు చేపడుతుంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లు సాయం కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని సంప్రదించొచ్చు.

• పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఏజెంటుకిచ్చిన డబ్బు రసీదు... అన్నింటి కాపీలు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి. రేపు ఏదైనా జరిగితే ఇక్కడి నుంచి ఫిర్యాదు చేయాల్సింది వాళ్లే.

ఇప్పటికే అక్కడ ఇరుక్కున్నవాళ్లు మీ ఇంట్లోనో, వాడకట్టులోనో ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. భారత రాయబార కార్యాలయానికి చెప్పండి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఇక్కడి నుంచి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. యూఏఈలో ఉన్నవాళ్లకు 800 46342.

మీ దగ్గర ఏజెంటు పంపిన వీసా ఉంటే, ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే ఫోన్‌లో దాన్ని తెరవండి. వీసా రకం, వృత్తి, స్పాన్సర్... మూడు గడులు. చదవడానికి రెండు నిమిషాలు చాలు. మీతో చెప్పిన మాటకూ, అక్కడ రాసి ఉన్నదానికీ పొంతన లేకపోతే మిగతా డబ్బు కట్టొద్దు. ‘నలుగురికీ చెప్పేశాం, ఇప్పుడు ఆగిపోతే నవ్వుతారు’ అనిపిస్తుంది. నవ్వనివ్వండి. ఊళ్లో నాలుగు రోజులు నవ్వినా ఫర్వాలేదు, పరాయి దేశంలో నాలుగేళ్లు దాక్కుని బతకడం కన్నా అదే నయం.