సగం గాలి టైర్లు, ఒంటె పాదాలు

హైదరాబాదులోని నాగోల్ ఆర్టీఏ ట్రాక్ మీద పరీక్ష పాసై లైసెన్సు తీసుకున్నవాళ్ళకు టైరులో గాలి సగానికి పడిపోయిందంటే ఇక బండి పక్కకు ఆపాల్సిందే. దుబాయి ఎడారి సఫారీ అసలు మొదలయ్యేదే అక్కడ. నగరం నుంచి యాభై అరవై కిలోమీటర్లు లోపలికి వచ్చాక, తారురోడ్డు వదిలే చోట ల్యాండ్ క్రూయిజర్లు వరుసగా ఆగుతాయి. డ్రైవరు దిగి ఒక్కో టైరు దగ్గరా గొంతుక్కూర్చుని బుస్సుమని గాలి తీసేస్తాడు. 30 పీఎస్‌ఐ దాటి ఉన్న గాలి ఒత్తిడి 15, 16కు దిగుతుంది. తలగుడ్డలు, చల్లటి నీళ్ళ సీసాలు కొనే హడావుడిలో చాలామంది దీన్ని పట్టించుకోరు. కాసేపు అక్కడే నిలబడి చూడండి. రాబోయే అరగంట మీరు భద్రంగా ఉండేది ఆ పని వల్లే.

శంషాబాదు నుంచి దుబాయికి నాలుగు గంటల ప్రయాణం. ఒకప్పుడు ఆ విమానం ఎక్కేవాళ్ళంటే కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాల పల్లెల నుంచి కూలి పనికి బయల్దేరినవాళ్ళే గుర్తొచ్చేవారు. ఇప్పుడు ఉప్పల్, నాచారం, నాగోల్ కాలనీల నుంచి పిల్లాపాపలతో ప్యాకేజీ టూరుకు వెళ్ళే కుటుంబాలూ ఎక్కుతున్నాయి. ఆ ప్యాకేజీల్లో సాయంత్రపు ఎడారి సఫారీ దాదాపు తప్పనిసరి. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో హోటలుకు బండి వస్తుంది, ఒక్కో బండిలో ఆరేడుగురు. ఇసుక తిన్నెల మీద అరగంట పరుగు, సూర్యాస్తమయం, క్యాంపులో ఒంటె సవారీ, మెహందీ, భోజనం, నాట్యం. రాత్రి తొమ్మిది ప్రాంతానికి మళ్ళీ హోటలు. కార్యక్రమం ఇంతే. అయితే ఒళ్ళు, కడుపు, చర్మం ఆ కొన్ని గంటల్లో పసిగట్టే చాలావాటికి ఇసుక రేణువులోనో పొడి గాలిలోనో ఒక కారణం దొరుకుతుంది.

గాలి తీయడం వెనకున్న లెక్క చిన్నదే. మనుషులతో కలిపి బండి బరువు 3,000 కిలోలు అనుకుందాం. ఒక్కో చక్రం మీద 750 కిలోలు. టైరులో 32 పీఎస్‌ఐ ఉంటే చదరపు సెంటీమీటరుకు రెండుంపావు కిలోల ఒత్తిడి. ఆ బరువు మోయడానికి టైరు సుమారు 330 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకాలి. గాలిని 16కు తగ్గిస్తే తాకే మేర దాదాపు రెట్టింపవుతుంది. టైరు గోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అసలు అంకెలు కాస్త మారతాయి కానీ దిశ మారదు. తారురోడ్డు ఎంత ఒత్తిడినైనా తట్టుకుంటుంది. ఇసుక తట్టుకోదు, రేణువులు పక్కలకు జరిగిపోతాయి, చక్రం తన గొయ్యి తానే తవ్వుకుని కూరుకుపోతుంది. బరువును ఎక్కువ మేర పరిస్తే ఇసుక మోస్తుంది.

ఈ కిటుకును అనుభవం మీద నేర్చి, తర్వాత ఇసుకనే శాస్త్రంగా చదివినవాడు రాల్ఫ్ బాగ్నోల్డ్. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920ల చివర్లో ఫోర్డు కార్లు వేసుకుని ఈజిప్టు, లిబియా ఎడారుల్లో తిరిగాడు. ఇసుకలో దిగబడినప్పుడల్లా ఎందుకని ప్రశ్నించుకున్నాడు. 1930లలో లండన్‌లో గాలి సొరంగం కట్టి అందులో ఇసుకను ఎగరేసి కొలిచాడు. 1941లో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ ఈ రంగానికి పునాది. అంగారకుడి మీది ఇసుక తిన్నెలను అర్థం చేసుకోవడానికీ శాస్త్రవేత్తలు దాన్నే తెరిచారు. గాలికి రేణువు తేలిపోదని, గెంతుతూ పోతుందని ఆయన చూపించాడు. ఒక రేణువు ఎగిరి, కిందపడి, మరికొన్నిటిని తట్టి లేపుతుంది. ఈ గెంతులన్నీ చాలావరకు మనిషి నడుం ఎత్తు లోపే. గాలి వీచే సాయంత్రం ఎడారిలో నిలబడితే ఇసుక ముందుగా చీలమండల మీదే చురుక్కుమంటుంది. ముఖానికి గుడ్డ చుట్టుకోవడం సన్నటి ధూళికి పనికొస్తుంది. కాళ్ళకు మాత్రం నిండు ప్యాంటు, కట్టు ఉన్న చెప్పులు కావాలి.

ఇక తిన్నె ఆకారం. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా లేస్తుంది. అవతలి వైపు ఒక్కసారిగా పడిపోతుంది. పడిపోయే ఆ వాలు ఎక్కడ కొలిచినా 32 నుంచి 34 డిగ్రీల మధ్యే ఉంటుంది. అంతకన్నా నిటారుగా పొడి ఇసుక నిలవదు, జారి మళ్ళీ ఆ కోణానికే వస్తుంది. నాగోల్‌లో కడుతున్న ఏ ఇంటి ముందైనా ఇసుక కుప్ప మీద ఈ నియమాన్ని చూడొచ్చు. పైనుంచి ఇంకో తట్ట పోయండి, కుప్ప ఎత్తు పెరుగుతుంది కానీ వాలు పెరగదు. మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా వాడే రోబో ఇసుక రాయిని పిండి చేసింది, గరుకు అంచులున్నది, కాబట్టి ఇంకాస్త నిటారుగా నిలుస్తుంది. ఎడారి రేణువు వేల ఏళ్ళు గాలికి దొర్లి మూలలు అరిగినది, త్వరగా జారుతుంది. ఆ నున్నదనం వల్లే కాంక్రీటుకు అది అక్కరకు రాదు. చుట్టూ ఇసుక సముద్రం ఉన్నా, పామ్ జుమేరా దీవిని పోయడానికి సముద్రం అడుగు నుంచి 9 కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక తోడుకున్నారు.

వాలు మీద బండి ఎలా దిగుతుందో గమనిస్తే డ్రైవరు పనితనం తెలుస్తుంది. నిటారు ముఖాన్ని అడ్డంగా దాటబోతే బండి బరువంతా కిందివైపు రెండు చక్రాల మీదికి వస్తుంది, అక్కడ ఇసుక జారితే బండి దొర్లిపోవచ్చు. ముక్కు నేరుగా కిందికి పెట్టి దిగితే ఇసుక బండితో పాటే జారుతుంది, ప్రమాదం చాలా తగ్గుతుంది. అందుకే అనుభవం ఉన్న డ్రైవర్లు శిఖరం దగ్గర ఒక్క క్షణం వేగం తగ్గించి, వాలు ఎటుందో చూసుకుని ముక్కు తిప్పుతారు. బండిలోపల ఇనుప చట్రం ఉందా, సీటుబెల్టులు పనిచేస్తున్నాయా అని ఎక్కేముందే అడగాలి. దీనికి మొహమాటం అక్కర్లేదు. బండ్లు గుంపుగా వెళ్ళడానికీ కారణం ఉంది. ఒకటి దిగబడితే ఇంకొకటి లాగాలి.

దుబాయి ఎడారిలోని లహ్‌బాబ్ వైపు వెళ్ళేవాళ్ళకు ఇసుక ఎర్రగా కనిపిస్తుంది. తీరం దగ్గర గవ్వల పొడి కలిసి తెల్లగా ఉండే ఇసుక, లోపలికి వెళ్ళేకొద్దీ ఎరుపెక్కుతుంది. ఒక్కో క్వార్ట్జ్ రేణువు మీదా ఇనుము ఆక్సైడు పొర పట్టడమే ఆ రంగు. విశాఖపట్నం, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బల రంగుకూ ఇనుము ఆక్సైడే కారణం. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అసలు క్వార్ట్జ్ మనకు ఇంటి వస్తువే. 1961లో ఏర్పడి, ఇప్పుడు ఉప్పల్ రోడ్డులో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ నిలబడ్డది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు మీద. ఆ రాయి ఎండకు, వానకు చివికితే అందులోని ఫెల్‌స్పార్ బంకమట్టిగా మారుతుంది. క్వార్ట్జ్ గట్టిది, అది మిగిలిపోయి ఇసుకవుతుంది. మూసీ మోసుకుపోయిందీ ఆ ఖనిజాన్నే, ఎడారి గాలి దొర్లించిందీ ఆ ఖనిజాన్నే.

తిన్నెల మీద కడుపులో తిప్పడానికి మూలం చెవిలో ఉంది. లోపలి చెవిలోని ద్రవం, సన్నటి సున్నపు రేణువులు తల కదలికను పట్టుకుని మెదడుకు చెబుతాయి. బండి శిఖరం దాటి పడేటప్పుడు ఒక క్షణం బరువు తెలియదు, ఆ వెంటనే రెట్టింపై కుదేస్తుంది. కళ్ళేమో ముందు సీటునో, ఫోనునో చూస్తూ అంతా కుదురుగా ఉందంటాయి. ఈ రెండు కబుర్లూ పొసగక వికారం మొదలవుతుంది. దూరంగా ఆకాశం అంచును చూస్తూ కూర్చుంటే కళ్ళూ చెవులూ ఒకే మాట చెబుతాయి. వెనక సీటులో ఊపు ఎక్కువ కాబట్టి వాంతులయ్యేవాళ్ళు ముందే అడిగి ముందు వరుసలో కూర్చోవడం మేలు. మధ్యాహ్నం భోజనం తేలిగ్గా ముగించండి. గర్భవతులు, వెన్ను డిస్కు సమస్య ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషను అయినవాళ్ళు, చంటిపిల్లలు ఈ పరుగులో ఉండకూడదు. వాళ్ళను నేరుగా క్యాంపుకు చేర్చే బండి ఉంటుందా అని బుక్ చేసేటప్పుడే కనుక్కోండి.

ఈ సాయంత్రంలో ఎక్కువసేపు చూడదగ్గది ఒంటె అని నా అభిప్రాయం. క్యాంపులో దాన్ని ఫొటోకు వాడుకుని వదిలేస్తారు, అది అన్యాయం. దాని పాదం చూడండి. రెండు వేళ్ళ కింద వెడల్పాటి మెత్తటి దిండు, బరువు పడగానే ఇంకా పరుచుకుంటుంది. డ్రైవరు గాలి తీసి సాధించింది ఒంటెకు పుట్టుకతోనే ఉంది. మూపురంలో నీళ్ళుండవు, కొవ్వు ఉంటుంది. ఒళ్ళంతా పరుచుకోకుండా కొవ్వు ఒక్కచోటే ఉండటంతో మిగతా చర్మం నుంచి వేడి సులువుగా బయటికి పోతుంది. నీటి పొదుపు రహస్యాన్ని 1950లలో సహారాలో ఉండి కొలిచినవాడు క్నుట్ ష్మిట్-నీల్సన్. నీళ్ళు దొరకని ఒంటె ఒంటి ఉష్ణోగ్రత తెల్లవారుజామున 34 డిగ్రీల దాకా దిగి, మధ్యాహ్నానికి 40 దాటుతుంది. మనకైతే అది ఆసుపత్రి జ్వరం. 500 కిలోల ఒంటె ఆరు డిగ్రీలు వేడెక్కితే సుమారు 2,500 కిలో కేలరీల వేడిని ఒంట్లోనే దాచుకున్నట్టు. ఆ వేడిని చెమటతో పోగొట్టాలంటే నాలుగైదు లీటర్ల నీళ్ళు ఖర్చయ్యేవి. అది రాత్రి చలిలో ఊరికే వదిలేస్తుంది. నీళ్ళు దొరికినప్పుడు పది నిమిషాల్లో వంద లీటర్లు తాగగలదు. అన్ని నీళ్ళు ఒక్కసారిగా చేరినా పగలకుండా ఉబ్బి తట్టుకునే కోడిగుడ్డు ఆకారపు ఎర్ర రక్తకణాలు దానివి.

ఎక్కేముందు ఒక్క సంగతి. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేస్తాయి, ఎక్కినవాళ్ళు ముందుకు తూలతారు. కూర్చునేటప్పుడు ముందు కాళ్ళు ముడుస్తుంది, మళ్ళీ ముందుకే తూలుతారు. రెండుసార్లూ వెనక్కి వాలి, జీను పిడి గట్టిగా పట్టుకోవాలి.

తిన్నెల మధ్య అక్కడక్కడా వాలిన కొమ్మలతో ఒంటరి చెట్టు కనిపిస్తుంది. గైడు దాన్ని గాఫ్ అంటాడు, ఎమిరేట్స్ జాతీయ వృక్షం అని చెబుతాడు. దగ్గరికి వెళ్ళి ఆకు చూడండి. అది మన జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. దసరా నాడు మనం బంగారమని పంచుకునే ఆకు అదే. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా దుబాయి తోటల్లో, తీగల మీద వాలి కనిపిస్తుంది. జమ్మి వేర్లు ముప్పై మీటర్ల లోతుకు కూడా దిగి నీటిని అందుకుంటాయి, అందుకే వాన లేని చోటా పచ్చగా ఉంటుంది. కానీ కొత్తగా మొలిచిన జమ్మి మొక్క వేరు అంత లోతుకు చేరడానికి ఏళ్ళు పడుతుంది, ఆలోపు ఒక్క టైరు చాలు దాన్ని చంపడానికి. సుమారు 225 చదరపు కిలోమీటర్ల దుబాయి ఎడారి సంరక్షణ కేంద్రంలో వాహనాలకు హద్దులు పెట్టింది ఇందుకే. 1972 నాటికి అడవిలో పూర్తిగా మాయమైన అరేబియా ఓరిక్స్ అనే తెల్లటి జింక జాతి అక్కడ మళ్ళీ మందలుగా తిరుగుతోంది. డబ్బు కాస్త ఎక్కువైనా అలాంటి చోట నెమ్మదిగా తిప్పే సఫారీనే ఎంచుకోమంటాను.

సూర్యుడు దిగిన అరగంటలోనే చలి తెలుస్తుంది. నాగోల్‌లో ఏప్రిల్ రాత్రి పదింటికి కూడా డాబా మీద కాలు పెట్టలేం. కాంక్రీటు పగటి వేడిని లోతుగా తాగి రాత్రంతా కక్కుతుంది. పొడి ఇసుకలో రేణువుల మధ్య గాలి నిండి ఉంటుంది, వేడి లోపలికి సరిగా దిగదు. ఇసుక వేడిని ప్రసరించే శక్తి కాంక్రీటులో ఐదో వంతు ప్రాంతంలోనే ఉంటుంది. అందుకే వేసవి మధ్యాహ్నం ఇసుక పైపొర 60 డిగ్రీలు దాటుతుంది, పొద్దు గుంకగానే అంతే వేగంగా చల్లారుతుంది. పైన గాలిలో తేమ, మబ్బు తక్కువైతే వెలువడిన వేడిని వెనక్కి పంపేదీ ఉండదు. చెప్పులు వదిలి కాలి వేళ్ళను ఇసుకలో జానెడు లోతుకు దూర్చండి. పైన చల్లగా, కింద వెచ్చగా తగులుతుంది.

క్యాంపులో శాకాహారం ఉంటుంది, అయితే ముందే చెప్పడం మంచిది. తనూరా అనే ఈజిప్టు గిరగిరా నాట్యం చూపిస్తారు. రంజాన్ నెలలో మాత్రం సాధారణంగా సంగీతం, నాట్యం ఉండవు, ఆ నెల వెళ్ళేవాళ్ళు కనుక్కుని వెళ్ళాలి.

భోజనమయ్యాక క్యాంపు దీపాలకు కాస్త దూరంగా వెళ్ళి, ముందు ఉత్తరం వైపు చూడండి. ధ్రువ నక్షత్రం ఎత్తు మనమున్న అక్షాంశానికి సమానం. నాగోల్‌లో 17 డిగ్రీల దగ్గర కనిపించేది ఇక్కడ 25కు లేస్తుంది. దక్షిణాన ఇది తిరగబడుతుంది. మన అగస్త్య నక్షత్రాన్ని అరబ్బులు సుహైల్ అంటారు. నాగోల్ నుంచి అత్యధికంగా 20 డిగ్రీల ఎత్తుకు వచ్చే ఆ నక్షత్రం దుబాయిలో 12 దగ్గరే ఆగిపోతుంది. ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిది ప్రాంతంలో దక్షిణ దిక్కున, అంచుకు కొంచెం పైన దొరుకుతుంది. అగస్త్యోదయంతో వానాకాలపు బురదనీళ్ళు తేటపడతాయని మన పెద్దల లెక్క. ఆగస్టు చివర్లో తెల్లవారుజామున సుహైల్ కనిపిస్తే వేసవి తీవ్రత తగ్గడం మొదలైందని గల్ఫ్ ప్రజల లెక్క. ఆ లెక్కన సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకా వేడి పోదు. నవంబరు నుంచి మార్చి మధ్య వరకు సఫారీకి అనువైన కాలం. జనవరిలో వెళ్తే ఎడారి రాత్రి 15 డిగ్రీల కిందికి దిగవచ్చు, పిల్లలకు తలా ఒక స్వెట్టరు సంచిలో పెట్టుకోండి.