తీరని యలసటయు, థైరాయిడు రక్తపరీక్షయు



జ్వరము వచ్చినచో మేను కాలును. గాయమైనచో నెత్తురు కనబడును. ఇల్లాలి యలసటకు మాత్రము పైకి గుర్తు లేదు. అందుచేతనే తెల్లవారినది మొదలు కాళ్లీడ్చుచు తిరుగు స్త్రీని జూచి, సోమరితనమని యొకరును, వయసు మీరినదని యొకరును తోచినట్లు చెప్పుదురు. కంటినిండ నిద్రించినను తీరని యలసట కొన్ని వారములు విడువకున్నచో, దాని కారణమును వెదకుట మన విధి. అట్టి కారణములలో నొకటి, మెడ ముందుభాగమున సీతాకోకచిలుక యాకారమున నుండు థైరాయిడు గ్రంథి మందగించుట.

ఈ గ్రంథి యొసగు హార్మోనులే శరీరమునందలి వేడిని, చురుకుదనమును నిలుపును. అవి తగ్గినచో చలికి తాళలేకపోవుట, మలబద్ధకము, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, నెలసరి క్రమము తప్పుట, మరపు మొదలగునవి యలసటతో గూడి వచ్చును. 1891వ సంవత్సరమున ఇంగ్లండులో జార్జి మరే యను వైద్యుడు, ఇట్టి వ్యాధి ముదిరిన 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె థైరాయిడు సారమును సూదితో నెక్కించి స్వస్థపరచెను. చికిత్స విడువక సాగించిన యామె మరి 28 సంవత్సరములు జీవించెను.

మా నెల్లూరు తీరమున ఇస్కపల్లి మొదలగు చోట్ల ఉప్పుమళ్లు కలవు. కడలి యొడ్డున నున్నవారికి అయొడిను కొరత యేమని కొందరు తలంతురు. సముద్రపు చేపలలో అయొడిను కలదు గాని, నీటిని ఎండబెట్టి తీసిన రాళ్లుప్పులో నది మిక్కిలి యల్పము. అందుచేతనే అయొడిను కలుపని యుప్పును ఆహారమునకై యమ్ముటను మన దేశమున 2006 మే 17 మొదలు నిషేధించిరి. అట్లని ఉప్పు మార్చినంతనే చెడిన గ్రంథి బాగుపడదు. అయొడిను చాలినంత యున్నవారిలో గూడ, శరీరపు రక్షణశక్తియే తిరుగబడి గ్రంథిని చెరచుట కలదు. కావున రక్తపరీక్ష యావశ్యకము.

పరీక్షాపత్రమున ముందుగా గనబడు టి.ఎస్.హెచ్. థైరాయిడునుండి పుట్టునది కాదు; మెదడు క్రిందనుండు పీయూష గ్రంథి పంపు ఆజ్ఞ. పనివాడు మందగించిన కొలది యజమాని కేక హెచ్చును గదా! అట్లే థైరాయిడు తగ్గిన కొలది టి.ఎస్.హెచ్. పెరుగును. సాధారణముగా పెద్దవారికి లీటరునకు 0.4 మొదలు 4 మిల్లీ యూనిట్ల వరకు ఉండవచ్చును. పరీక్షాశాలను బట్టి యీ హద్దులు కొంత మారును గనుక, ఆ పత్రముననే ముద్రించిన హద్దులతో సరిచూచుకొనవలెను.

ఈ యంకెను విడి టి-4 అను హార్మోను అంకెతో గలిపి చదువవలెను. టి.ఎస్.హెచ్. హెచ్చి, టి-4 తగ్గినచో గ్రంథి మందగించినట్లు. టి.ఎస్.హెచ్. కొంచెము హెచ్చి, టి-4 సరిగానున్నచో, వైద్యులు తరచుగా రెండు మూడు నెలలకు మరల పరీక్షింతురు. 10 దాటినచో సామాన్యముగా మందు నిత్తురు. టి.ఎస్.హెచ్. తగ్గి టి-4 హెచ్చినచో గ్రంథి అతిగా పనిచేయుచున్నది. గుండెదడ, చేతుల వణకు, బరువు తగ్గుటతో బాటు అలసటయు నుండును. టి-4 తగ్గియు టి.ఎస్.హెచ్. పెరగకున్నచో లోపము పీయూష గ్రంథియందుండవచ్చును. ప్రసవమున రక్తస్రావ మధికమై, పిమ్మట పాలు పడక, నెలసరి నిలిచిన స్త్రీలకు ఇట్లు కలుగుట కలదు. వారు ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను, టి.ఎస్.హెచ్. ఒక్కటే చూచినచో వారి వ్యాధి మరుగుపడిపోవును.

జుట్టుకై బయోటిన్ మాత్రలు వాడువారు పరీక్షకు ముందే యా మాట తెలుపవలెను. వానివలన అంకెలు తప్పుగా రావచ్చును. థైరాయిడు సరిగానున్నను అలసట నిజము కాదని యెంచరాదు. రక్తహీనత, చక్కెరవ్యాధి, బి-12 కొరత, నిద్రలేమి, మనోవ్యాకులత గూడ కారణములే. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందురు.

వైద్యుడు థైరాక్సిను మాత్ర వ్రాసినచో పరగడుపున నీటితో మ్రింగి, అరగంట మొదలు గంటవరకు కాఫీ త్రాగక యుండవలెను. ఇనుము, కాల్షియము మాత్రలకును దీనికిని నాలుగు గంటల యెడముండవలెను. మోతాదు చాలినదో లేదో ఆరు మొదలు ఎనిమిది వారములకు మరల పరీక్షించిన గాని తెలియదు. ఒంట్లో కులాసాగా నున్నదని మాత్ర మానరాదు. పొరుగింటామె మాత్ర మనము మ్రింగరాదు. మాత్ర వాడుచు గర్భవతియైన స్త్రీ వెంటనే వైద్యునకు తెలుపవలెను. తొలినెలలలో శిశువు మెదడు పెరుగుదల తల్లి హార్మోనుపై నాధారపడియుండును గనుక, మోతాదు పెంచవలసి రావచ్చును.

పరీక్షాపత్రములను తేదీల వరుసను భద్రపరచి, అలసట యెప్పుడు మొదలైనదో, దానితో నేమేమి బాధలు వచ్చెనో యొక కాగితమున వ్రాసి వెంట గొనిపొండు. ఇంటిల్లిపాది ఆరోగ్యమును కనిపెట్టు నిల్లాలు తన దేహముపట్ల నుపేక్ష వహింపరాదని మా మనవి.